మూడో ఏటి బల్ల

కింద బజారు నుంచి పైకొచ్చే మెట్లు రెండు వందల పన్నెండు. బసీలియా గుమ్మం తొంభై మూడో మెట్టుకి ఎదురుగా ఉంటుంది. ఈ లెక్క ఆమె మొగుడు ఫెర్మీన్‌ది. ఊరేగింపు మేళంలో పెద్ద డోలు వాయించేవాడు. ముప్ఫై ఏళ్ళు ఆ డోలు వీపున మోస్తూ ఎక్కి దిగిన మనిషి, లెక్కపెట్టక ఏం చేస్తాడు? రెండేళ్ళ తొమ్మిది నెలల కిందట, కార్నివాల్ ఇంకా వారం ఉందనగా, ఎనభై ఐదో మెట్టు మీద డోలు దించకుండానే కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. ఇల్లు ఇంకా ఎనిమిది మెట్లు ఉంది.

లా పాజ్‌లో డబ్బున్నవాళ్ళు లోయ అడుగున వెచ్చగా బతుకుతారు. లేనివాళ్ళం కొండ అంచున వేలాడుతూ, వాళ్ళ దీపాలు చూస్తూ బతుకుతాం. బసీలియా ఆ అంచునే పుట్టింది, అక్కడే పెళ్ళాడింది, అక్కడే చూన్యో అమ్ముకుంటోంది. చూన్యో అంటే బంగాళాదుంపే. పైన మైదానంలో చలికాలపు మంచుకి గడ్డకట్టించి, ఎండలో కాళ్ళతో తొక్కి నీరంతా పిండి, నల్ల గులకరాళ్ళలా ఎండబెడతారు. పదేళ్ళు దాచినా చెడదు, తడి తగలకుండా ఉంటే. "నాకూ చూన్యోకీ తేడా ఒకటే. అది నానితే మెత్తబడుతుంది" అని ఆమే బేరగాళ్ళతో అనేది. పిల్లలు లేరు. ఉన్నది మొగుడూ, డోలూ, నోరూ. ఆ నోరు ఊరికి ఎప్పుడూ మంచి చేసింది కాదు, చివరికి ఆమెకే చేటు తెచ్చింది.

ఆయన పోవడానికి ఐదు వారాల ముందు, వానాకాలం మధ్యలో, ఆమె రెండు బస్తాల చూన్యో డాబా మీద గాలికి పరిచి బజారుకి దిగింది. వానొస్తే కప్పడానికి పక్కనే పరదా పెట్టింది. ఫెర్మీన్ ఇంట్లోనే ఉన్నాడు. వాన రానే వచ్చింది, వడగళ్ళతో సహా. అరుగు మీద ఆరబెట్టిన డోలు గుర్తొచ్చి, ఆ మహానుభావుడు పరదా లాక్కొచ్చి దానికి చుట్టి, తిరిగి వెళ్ళి ముసుగు తన్ని పడుకున్నాడు. సాయంత్రం ఆమె వచ్చి చూస్తే డోలు పొడిగా ఉంది, చూన్యో బురదైంది.

"ఏమయ్యా, ఆ తోలుముక్కకున్న విలువ నా రెక్కల కష్టానికి లేదా?" అంది.

"దుంపలు మళ్ళీ కొనుక్కోవచ్చే. ఈ చర్మం మళ్ళీ దొరుకుతుందా?" అన్నాడాయన, కళ్ళు నులుముకుంటూ.

"అయితే నువ్వు చచ్చాక నీ డోలునే పెట్టమను బల్ల. నేను మాత్రం పెట్టను!"

"పెట్టినా నేను రాను, పోవే!"

మా కొండ మీద తిట్లకి కరువు లేదు. పెళ్ళాం మొగుణ్ణి గాడిదంటుంది, మొగుడు పెళ్ళాన్ని గయ్యాళంటాడు, రాత్రికి ఒకే గిన్నెలో తింటారు. కానీ ఆ మాట ఎవరూ అనరు. పోయినవాళ్ళు నవంబరు ఒకటిన, సరిగ్గా పగలు పన్నెండింటికి, ఆకలితో ఇంటికొస్తారు. వాళ్ళకిష్టమైన తిండీ తాగుడూ బల్ల మీద పరిచి ఉంచాలి. మర్నాడు పన్నెండింటికి వెళ్ళిపోతారు. మూడేళ్ళు వస్తారు. మూడో ఏడు తిని వెళ్ళినవాళ్ళు మరి ఆ గడప తొక్కరు. బల్ల వేయని ఇంటికి వచ్చిన జీవుడు వీధుల్లో ఏడుస్తూ తిరుగుతాడు. అది తెలిసీ ఆమె అంది. అది తెలిసీ ఆయన అన్నాడు.

నాలుగు రోజులు మాటల్లేవు. ఐదో రోజు "ఉప్పు ఇలా ఇయ్యి" అన్నాడు. ఆమె ఇచ్చింది. అంతటితో కాపురం దారిలో పడింది గానీ, ఆ మాటని ఆమె వెనక్కి తీసుకోలేదు, ఆయనా తీసుకోలేదు. రేపందాం, ఎల్లుండందాం అనుకుంటూనే ఐదు వారాలు గడిచాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా?

ఆ నవంబరులో ఆమె పెట్టినంత బల్ల వీధిలో ఎవరూ పెట్టి ఉండరు. పన్నెండైంది. ఒంటిగంటైంది. కొవ్వొత్తి నిటారుగా వెలుగుతూనే ఉంది. వచ్చిన జీవుడు ఏదో ఒక గుర్తు చూపిస్తాడు. మూసిన గదిలో గాలి తిరుగుతుంది, దీపం వాలుతుంది, లేదంటే ఈగ వస్తుంది. ఈ చలికీ ఈ ఎత్తుకీ ఈగ కనపడటమే అరుదు. ఆ రోజున కనిపిస్తే, తోలబోయే పిల్లల చెయ్యి పట్టుకుని పెద్దలు ఆపుతారు. బసీలియాకి ఏదీ రాలేదు. సాయంత్రం ఆడపడుచు ఫొర్తునాతా వచ్చి "వచ్చాడా మా అన్న?" అని అడిగితే, "ఈగై వచ్చాడు. గ్లాసు అంచున కూర్చున్నాడు" అని తడుముకోకుండా అబద్ధం చెప్పింది. రెండో ఏడూ ఏమీ రాలేదు. ఆ ఏడు "గాలై వచ్చాడు" అంది. ఫొర్తునాతా రెండుసార్లూ తల ఊపింది. నమ్మిందో లేదో ఆ తల్లికే తెలియాలి.

ఇది మూడో ఏడు. ఇక మరో ఏడు లేదు.

పొద్దున్నే ఫొర్తునాతా రొట్టెల బుట్ట తెచ్చి దించింది. నల్లగుడ్డ పరిచిన బల్ల మీద చెరుకుగడలు వంచి కట్టారు. మొహాలు అతికించిన రొట్టె బొమ్మలు, పైనుంచి దిగిరావడానికి రొట్టె నిచ్చెన, దారిలో దాహానికి నీళ్ళు నిలిచే ఉల్లికాడలు సర్దారు. నడుమ ఫెర్మీన్ ఫోటో, ఎదురుగా గ్లాసుడు బీరు, పక్కన డోలు కర్ర. బల్లకి ఆనించి డోలు.

"డోలెందుకు వదినా ఇక్కడ? తగూ దానితోనేగా వచ్చింది?" అంది ఫొర్తునాతా. తగూ సంగతి వీధి వీధంతా ఎరుగును.

"అందుకే. నాకోసం రాకపోయినా దానికోసమైనా వస్తాడేమోనని."

"రాకేం, ఏటా వస్తున్నాడుగా? నువ్వే చెప్తివి."

బసీలియా ఉల్లికాడ నిలబెట్టింది. అది పడిపోయింది. మళ్ళీ నిలబెట్టింది.

"మా అన్న పంతం నాకు తెలీదా వదినా," అంది ఫొర్తునాతా గొంతు తగ్గించి. "చిన్నప్పుడు అన్నం తిననని అలిగితే మూడు రోజులు తినేవాడు కాదు. మా అమ్మే ఓడిపోయేది. నేను పోయి మా అత్త బల్ల చూసుకుని మూడింటికొస్తా. నువ్వేం బెంగపెట్టుకోకు."

బెంగ పెట్టుకోవద్దంటే పోయేదైతే లోకంలో బెంగే ఉండదు. ఆమె ఆయనకిష్టమైన పంది మాంసం పులుసు పొయ్యి మీంచి దించింది, అందులో నల్లగా చూన్యో. కిటికీ తెరిచింది, తలుపు తెరిచింది. ముక్కాలిపీట మీద కూర్చుని మెట్ల వైపు చూస్తూ ఉండిపోయింది. "ఫెర్మీన్, తప్పు నాదే. ఒక్కసారి రా, ఇక అడగను" అని పైకే అంది. ఆమె జీవితంలో తప్పు నాదే అన్నది అదే మొదటిసారి, వినడానికి ఫోటో తప్ప ఎవరూ లేరు.

కింద గుడి గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. అప్పుడే మెట్ల మలుపులో ఒక మనిషి కనిపించాడు. వీపు మీద గుండ్రంగా పెద్ద మూట, ముందుకు వంగిన నడుం, రొమ్ము మీద చెయ్యి. ఒక్కో మెట్టుకీ ఆగుతున్నాడు. ఎనభై ఐదో మెట్టు మీదికొచ్చి, మూట దించకుండానే చతికిలబడ్డాడు.

బసీలియా చివ్వున లేచింది. చెప్పుల్లేకుండా ఎనిమిది మెట్లూ దిగింది.

దగ్గరికెళితే ఫెర్మీన్ కాడు. కాడని ఆమెకీ తెలుసు, అంత వెర్రిది కాదు. ఎర్రగడ్డం, నీలికళ్ళు, ఇరవై రెండు మూడేళ్ళ కుర్రాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. కానీ జీవుడు ఏ రూపంలో వస్తాడో ఎవరు చెప్పగలరు? పన్నెండు గంటలకి, ఆ మెట్టు మీద, ఆ తీరున కూర్చోవడానికి ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకలేదా ఇతనికి? ఆ సమయంలో వచ్చిన పరాయివాణ్ణి గుమ్మంలో నిలబెట్టకూడదని పెద్దలు ఊరికే చెప్పారా?

"వచ్చావా?" అంది. భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ అంది. "వచ్చావా నాయనా?"

అతను తలెత్తి, వచ్చీరాని మాటలు కూడదీసుకున్నాడు. "నేను... బాగా లేదు, అమ్మా. గాలి... లేదు."

"కొండ పట్టింది నిన్ను. లే, ఇంకెంత, ఎనిమిదే మెట్లు."

"ఈ రోజు... మొదటి రోజు నాకు."

"అవును, మొదటి రోజే," అంది ఆమె, చంక కింద చెయ్యి వేసి లేపుతూ. "రేపు పన్నెండు దాకా ఉండొచ్చు. ఎవరూ తొందరపెట్టరు."

ఎనభై ఐదు, ఎనభై ఆరు అని మనసులో లెక్కపెట్టుకుంటూ తెచ్చింది. తొంభై మూడో మెట్టు దాటి గడపలోకి అడుగు పెట్టించాక ఆమెకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అతని వీపు మీది మూట విప్పి, తీసుకెళ్ళి డోలు పక్కన ఆనించింది. అతన్ని ఫెర్మీన్ కుర్చీలో కూర్చోబెట్టింది. కోకా ఆకుల కషాయం కాచి ఊదుకుంటూ తాగమంది. తడిగుడ్డతో నుదురు తుడిచింది.

కషాయం రెండు గుక్కలు దిగాక అతను కొంచెం మనిషయ్యాడు. పేరు యోరిస్ అన్నాడు. బెల్జియం అన్నాడు. తెల్లారి విమానం దిగాడు. బసలో గది రెండింటికి గానీ ఇవ్వమన్నారు. ఈలోగా ఊరు చూద్దామని సంచి మోసుకుని మెట్లెక్కాడు. ఇదంతా ఫోనులో మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. ఆమె సగం వింది. మనిషి పేరేదైతే ఏం, ఎవరు పంపితే వచ్చాడన్నది కదా ముఖ్యం.

పులుసు గిన్నె అతని ముందు పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. రెండేళ్ళ తొమ్మిది నెలలు మోసిన ప్రశ్న. అడగడానికి మాట రావడం లేదు, ఆ నోటికే.

అప్పుడు కిటికీలోంచి ఏదో వచ్చి డోలు చర్మానికి తగిలింది. టప్ అని చిన్న చప్పుడైంది. ఆమె చెవిన పడింది గానీ కళ్ళు కుర్రాడి మీదే ఉన్నాయి.

"నీకు కోపం పోయిందా?" అని అడిగింది. "నేను అన్న మాట మనసులో పెట్టుకున్నావా? నిజం చెప్పు. పెట్టుకున్నా పరవాలేదు, చెప్పి వెళ్ళు."

యోరిస్ ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి కంగారుపడ్డాడు. ఏదో పెద్ద విషయమే అడిగిందని అర్థమైంది పాపం. ఫోను తీశాడు, వెతికాడు, తలెత్తి మర్యాదగా అన్నాడు. "అమ్మా, దయచేసి... మరుగుదొడ్డి ఎక్కడ?"

ఆమె పెరడు చూపించింది. అతను లోపల వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఈ ఎత్తు పడక కొండ పట్టినవాడికి కడుపు తిప్పుతుంది, అందులో వింతేముంది, తిరిగొచ్చాక చెబుతాడు అనుకుంది. ఆశ అంత సిగ్గులేనిది.

అతను గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మర్యాద కోసం చెంచా అందుకున్నాడు. గిన్నె మీద నీలంగా మెరుస్తూ ఒక పెద్ద ఈగ తిరుగుతోంది. బీరు గ్లాసు అంచున ఒక క్షణం కూర్చుంది. లేచి డోలు కర్ర మీద వాలింది. లేచి తిన్నగా వచ్చి పులుసు గిన్నె అంచున వాలింది. యోరిస్ చెంచా వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

బసీలియాకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళకి ఇంటికొచ్చినవాడి గిన్నెలో ఈగా! "ఛీ, ఛీ!" అంటూ కొంగుతో విసిరింది. అది లేచి గది చుట్టూ తిరిగి ఫెర్మీన్ ఫోటో మీద వాలింది. మళ్ళీ గిన్నె వైపుకొచ్చింది. "పో! పొమ్మంటే పోదేం!" భుజం మీది తడిగుడ్డ తీసి ఒక్కటి వేసింది. చూన్యో సంచుల మీద ముప్ఫై ఏళ్ళు పురుగుల్ని కొట్టిన చెయ్యి, గురి తప్పలేదు. రొట్టె నిచ్చెన పక్కన పడిన ఈగని గుడ్డ అంచుతో తీసి కిటికీలోంచి మెట్ల మీదికి దులిపేసింది. కిటికీ మూసేసింది.

"తిను నాయనా. ఇప్పుడు తిను," అంది.

అతను తినలేదు. ఇంకో గ్లాసు కషాయం తాగాడు. ఒంటిగంటన్నరకి రంగు తిరిగింది. ఫోను చూసుకుని, గది ఇచ్చే వేళవుతోందన్నట్టు వేలితో కింది ఊరు చూపించాడు. బల్ల వైపు చూసి, "చాలా అందం. ఎవరి పుట్టినరోజు?" అని అడిగాడు.

బసీలియా అతని మొహంలోకి చూసింది. నీలికళ్ళలో దాచినదేమీ లేదు. అలిసిపోయిన మంచి పిల్లాడు, అంతే. ఎవరూ పంపలేదు. ఊరు చూడటానికొచ్చాడు, ఊపిరాడక కూర్చున్నాడు. ఆ మెట్టు మలుపు దాటగానే వస్తుంది కాబట్టి అందరూ అక్కడే కూర్చుంటారు. అది ఆమెకి తెలియనిది కాదు.

"ఎవరిదీ కాదు," అంది.

అతను రెండు చేతులూ పట్టుకుని ఎన్నోసార్లు ధన్యవాదాలు చెప్పాడు. ఒక రొట్టె బొమ్మ చేతిలో పెడితే కళ్ళకద్దుకున్నంత పని చేశాడు. మూట ఎత్తుకుని మెల్లిగా దిగిపోయాడు. ఈసారి ఎనభై ఐదో మెట్టు మీద ఆగలేదు.

ఆమె కుర్చీలో కూలబడింది. గది నిశ్శబ్దంగా ఉంది. పులుసు మీద కొవ్వు గడ్డకట్టింది. ఇది మూడో ఏడు, రాలేదు, అన్న మాట మీదే నిలబడ్డాడు అనుకుంటూ డోలు వైపు చూసింది. చూస్తూ ఉండగా ఆ చప్పుడు గుర్తొచ్చింది.

టప్.

ముందు డోలు. తర్వాత గ్లాసు. తర్వాత కర్ర. తర్వాత ఆయన గిన్నె. ఫోటో. మళ్ళీ గిన్నె. పొమ్మన్నా పోలేదు.

"అయ్యో," అంది. "అయ్యో, అయ్యో, అయ్యో."

మెట్ల మీదికి పరుగెత్తింది. మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి వెతికింది. కొండ మీద ఆ వేళప్పుడు ఎప్పుడూ ఉండే గాలే వీస్తోంది. పూలరేకులున్నాయి, రొట్టెముక్కలున్నాయి, ఎవరో ఉమ్మిన కోకా ఆకుంది. ఒక మెట్టు దిగి వెతికింది, ఇంకో మెట్టు. ఎనభై ఐదో దాని మీద ఉండగా ఎదురుగా ఫొర్తునాతా పైకొస్తూ కనిపించింది.

"ఏంటి వదినా, ఇక్కడ కూలబడ్డావ్? ఏం పోయింది?"

బసీలియా రాళ్ళ సందుల్లో వెతుకుతూనే ఉంది.

ఫొర్తునాతా పక్కన కూర్చుంది. మొహం చూడగానే సంగతి అర్థమైందనుకుంది. "రాలేదా? చూశావా మా అన్న! చచ్చినా పంతం వదల్లేదు. మూడో ఏడన్న జాలైనా లేకపాయె. ఆ మనిషికి మనసే లేదు వదినా, రాతిగుండె."

"కాదు!" అని అరిచింది బసీలియా. "ఆయన్ననకు. ఆయన వచ్చాడు. ఈగై వచ్చాడు. డోలు మీద వాలాడు, గ్లాసు మీద వాలాడు. నేనే... పరాయి కుర్రాడెవడో తింటున్నాడని... గుడ్డ పెట్టి కొట్టి చంపేశాను. పొమ్మన్నా పోలేదే, ఫొర్తునాతా!"

ఫొర్తునాతా ఆమెనే చూసింది. తిట్టలేదు, గుండె బాదుకోలేదు. వదిన జడల్లో చిక్కుకున్న పూలరేకు తీసి పారేసింది.

"మొదటేడూ ఈగే అన్నావు కదా వదినా," అంది మెల్లిగా. "పోనీలే. వచ్చాడనే అనుకుందాం. లే, చలేస్తుంది."

బసీలియా నోరు తెరిచింది. ఆ రోజు అబద్ధం, ఇది నిజం అని చెప్పాలి. అవే మాటలతో చెప్పాలి, వేరే మాటలేవీ లేవు. నోరు మూసుకుంది. ఫొర్తునాతా ఆమె చెయ్యి పట్టుకుని ఎనిమిది మెట్లూ ఎక్కించి, లోపలికి తీసుకెళ్ళి, గాలి ఆడటం లేదంటూ కిటికీ తెరిచింది.